వెబ్ అప్లికేషన్లలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ను అరికట్టడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువారు నడిపే ఒక పీజీ హాస్టల్‌కు అద్దెల లెక్కలు చూసే చిన్న వెబ్ అప్లికేషన్ ఉండేది. అందులో ఎవరి పేరు వెతికినా వివరాలు వచ్చేవి గాని, మంగళూరు నుంచి వచ్చి చేరిన ఒకరి ఇంటిపేరు డి'సౌజా అని టైపు చేస్తే మాత్రం డేటాబేస్ ఎర్రర్ కనిపించేది. యజమాని దానిని చిన్న చిక్కుగానే భావించి నన్ను పిలిచారు. సింగిల్ కోట్ ఉన్న పేరుకు పేజీ చెడుతోందంటే, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) ఇంజెక్షన్‌కు, అంటే టైపు చేసే చోట డేటాబేస్ ఆదేశాలను దూర్చే దాడికి, దారి ఉందని వెంటనే అనుమానించాలి.

ఆ ప్రోగ్రాములో, టైపు చేసిన పేరును రెండు సింగిల్ కోట్‌ల మధ్య నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కు పంపే ఆదేశంలో) అతికించారు. పేరులోనే కోట్ వస్తే, పేరు అక్కడితో ముగిసిందనుకుని డేటాబేస్ మిగిలిన అక్షరాలను ఆదేశంగా చదువుతుంది. 'సౌజా' అనే ఆదేశం లేదు కనుక ఎర్రర్ వచ్చింది. దురుద్దేశం ఉన్నవాడు అక్కడ ఎప్పుడూ నిజమయ్యే షరతును రాస్తే, హాస్టల్‌లో ఉన్నవారందరి ఫోన్, ఆధార్ నంబర్లు అతని ముందుంటాయి. 1998లోనే హ్యాకర్ల పత్రిక ఫ్రాక్‌లో వెలువడిన ఈ పద్ధతితో, 2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ టెలికాం సంస్థ నుంచి సుమారు 1,57,000 మంది ఖాతాదారుల వివరాలు చోరీ అయ్యాయి.

చాలామంది మొదట చేసే పని కోట్‌లను తొలగించడం. అది తప్పు. దానివల్ల డి'సౌజా పేరు చెడిపోతుంది. పైగా గది నంబరు వంటి అంకెల ఫీల్డులో దాడికి కోట్ అవసరమే లేదు. అసలు మందు పారామీటరైజ్డ్ క్వెరీ. ఇందులో విలువ రావలసిన చోట ప్రశ్నార్థకం వంటి గుర్తు మాత్రమే ఉంచి, విలువను విడిగా పంపుతాము కనుక, అందులో ఏమి రాసి ఉన్నా డేటాబేస్ దానిని ఆదేశంగా చదవదు. జావాలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, పీహెచ్‌పీలో పీడీఓ ఇందుకే ఉన్నాయి. పైథాన్‌లో విలువలను వాక్యంలోనే ఇమిడ్చే ఎఫ్-స్ట్రింగ్‌తో క్వెరీ కూర్చకుండా, విలువలను ఎగ్జిక్యూట్ ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి. ఓఆర్ఎమ్ (క్వెరీలను తానే తయారుచేసే లైబ్రరీ) వాడేవారు కూడా, తొందరలో చేత్తో రాసిన రా క్వెరీలను ఒక్కొక్కటిగా వెతికి చూసుకోవాలి.

పారామీటర్లు, అంటే ఇలా విడిగా పంపే విలువలు, పనిచేయని చోట్లూ ఉన్నాయి, ఉదాహరణకు కాలమ్ పేర్లు. అద్దె ప్రకారమో, చేరిన తేదీ ప్రకారమో వరుసలో చూపమని వాడుకరి కోరితే, అనుమతించిన పేర్ల జాబితాను ప్రోగ్రాములోనే ఉంచి, అందులో లేనిదానిని తిరస్కరించాలి. ఒకసారి సురక్షితంగా భద్రపరచిన విలువను, తరువాత నెలవారీ నివేదికలో మరో క్వెరీకి అతికించినా ప్రమాదమే. డేటాబేస్ నుంచి వచ్చింది గదా అని నమ్మకూడదు.

అప్లికేషన్‌ను డేటాబేస్‌పై అన్ని హక్కులూ ఉండే రూట్ ఖాతాతో నడపకండి. చదవడం, చేర్చడం, సవరించడం వంటి అవసరమైన హక్కులే ఇవ్వండి. ఎర్రర్ వివరాలు లాగ్‌లో ఉండాలి, తెరపై ఉండకూడదు.

పరీక్షలు మీ సొంత అప్లికేషన్‌పైనో, రాతపూర్వక అనుమతి ఉన్నచోటో మాత్రమే చేయండి. అనుమతి లేని ప్రవేశానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ వర్తిస్తుంది. డేటా చోరీ జరిగినట్లు తెలిస్తే, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి కనుక, ఆ పని ఎవరిదో ముందే నిర్ణయించి ఉంచుకోండి.