ఒక్కరోజు ట్రిప్‌లో చిన్న చిన్న చోట్లు చూడాలంటే: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ముందు ఒక ఫోన్ కొట్టండి. చిన్న మ్యూజియాలు చాలావరకు వారంలో ఒక రోజు, తరచుగా సోమవారమో శుక్రవారమో, మూసే ఉంటాయి. మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని చూపించినా నమ్మేయకండి. టికెట్లు ఇవ్వడం ఎన్నింటికి ఆపేస్తారో కూడా అడగండి, తలుపులు మూసే టైమ్ కంటే అది ముందే ఉంటుంది.

మూడు చోట్లు చాలు. ఐదారు పెట్టుకుంటే రోజంతా రోడ్డు మీదే.

ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, జేబులో చిల్లర ఉంచుకోండి.

జలపాతం ఉంటే పొద్దున్నే వెళ్లండి. ఎగువన వాన పడితే, మీ దగ్గర ఎండ కాస్తున్నా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. తేట నీరు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా సెల్ఫీ సంగతి తర్వాత, ముందు ఒడ్డెక్కండి. నాచు పట్టిన రాళ్ల మీద మామూలు చెప్పులు అస్సలు పనికిరావు.

బస్సులో వెళ్తే, తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే అడిగేయండి.