సాలెగూటి ముందు పది నిమిషాలు: రోజూ చూసే ప్రకృతిలో దేవుణ్ణి గమనించడం ఎలా?

ప్రకృతిలో దేవుణ్ణి చూడాలంటే అరకు లోయకో హిమాలయాలకో వెళ్లాలనుకుంటాం. తీరా వెళ్లాక ఫోటోలు తీసుకోవడంతోనే సరిపోతుంది. దానికన్నా ఇంటి వెనక గోరింట చెట్టు దగ్గర నిలబడటం సులువు. నేను అక్కడ సాలెపురుగుతో మొదలుపెట్టాను.

1. చోటు చూసుకోండి

పెరట్లోనో, మేడ మీద కుండీల మధ్యో, అపార్ట్‌మెంట్ కింద పొదల్లోనో గుండ్రంగా అల్లిన సాలెగూడు వెతకండి. గది మూలల్లో పట్టే బూజు కాదు, దాన్ని నిక్షేపంగా దులిపేసుకోండి. కార్తీకంలో మంచు పడే ఉదయాలు దీనికి బాగుంటాయి. ఎండ ఎక్కకముందే వెళ్లండి. ఫోను ఇంట్లోనే ఉండనివ్వండి.

2. ముందు ఊరికే చూడండి

దండాలు, శ్లోకాలు తర్వాత. గూటిని ఏయే కొమ్మలకు కట్టింది? సాలీడు ఎక్కడుంది? తల కిందికి పెట్టి నడిమధ్యలో కూర్చుని, కాళ్లు జతలుజతలుగా చాపి, వాటి వరసలోనే తెల్లటి వంకర గీతలు అల్లి ఉంటే అది సిగ్నేచర్ స్పైడర్. సంతకం చేసినట్టు ఉంటుందని ఆ పేరు. ఆ గీతలు ఎందుకు అల్లుతుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

3. ఇప్పుడు పాత మాట ఒకటి తలచుకోండి

సాలెపురుగు తనలోంచి దారం తీసి మళ్లీ తనలోకే తీసుకున్నట్టు, నాశనం లేని ఆ బ్రహ్మం నుంచి ఈ విశ్వం పుడుతుందని ముండకోపనిషత్తు చెబుతుంది. కుమ్మరికి మట్టి బయటినుంచి రావాలి, నేతగాడికి నూలు రావాలి. సాలీడు మాత్రం దారం కోసం ఎక్కడికీ వెళ్లదు. చదివినప్పుడు ఇదొక చక్కటి పోలిక అనుకుని ఊరుకున్నాను. గుండ్రటి గూళ్లు అల్లే సాలీళ్లలో చాలావరకు పాత గూటిని తినేసి కొత్తది అల్లుతాయని తెలిశాక మాత్రం, ఆ ఋషి కూడా ఏదో ఒక పొద ముందు తీరిగ్గా నిలబడే ఉంటాడనిపించింది.

మనకు దగ్గరలోనే శ్రీకాళహస్తి ఉంది. ఆ పేరులో 'శ్రీ' అంటే సాలెపురుగే, కాళం పాము, హస్తి ఏనుగు. అక్కడ శివుడు వాయులింగం. గూడు గాలికి ఊగుతున్నప్పుడు ఇది గుర్తొస్తే చాలు, వేరే ధ్యానం అక్కర్లేదు.

4. ఇబ్బంది పెట్టేదాన్నీ చూడండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. ఏ సీతాకోకచిలుకో గూట్లో చిక్కి కొట్టుకుంటూ ఉంటుంది. నేనొకసారి ఆగలేక పుల్లతో విడిపించబోయాను. దాని రెక్క చిరిగింది, గూడూ పోయింది. ఇటు దానికీ అటు సాలీడుకూ కాకుండా చేశాను. భాగవతంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో సాలెపురుగూ ఉంది, మంటలో పడి మాడిపోయే మిడతా ఉంది. చంపేదానిలోనూ చచ్చేదానిలోనూ దేవుడెలా ఉంటాడని అడిగితే నేను జవాబు చెప్పలేను. తొందరపడి ఏదో ఒక జవాబు చెప్పుకోకుండా అక్కడే నిలబడండి.

5. మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లండి

గోడ క్యాలెండర్ మీద రోజూ ఒక్క ముక్క రాయండి. మీకేమనిపించిందో కాదు, ఏం చూశారో. 'కొత్త గూడు, జానెడు పైన.' 'రాత్రి వాన, ఏమీ లేదు.' గూడు కనబడకపోతే టెన్షన్ పడొద్దు, వేరే చెట్టు వెతుక్కోవద్దు. ఆ ఖాళీ కొమ్మనే చూసి రండి. మొన్న నాకు మూడు రోజులు వరసగా అలాగే అయింది. నాలుగో రోజు క్యాలెండర్ మీద రాసుకున్నది ఇది: 'ఒక్క దారం. ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు.'