జపనీస్ చదువుదాం, రాద్దాం – 4వ పాఠం: రెండు గీతలు, ఒక సున్న

జపనీస్ లిపుల్లో ఒకటైన హిరగానాలోని 46 అక్షరాలూ గత మూడు పాఠాల్లో రాసేశాం. గ, జ, ద, బ, ప లాంటి శబ్దాలకి 25 రూపాలు ఇంకా మిగిలాయి. వీటికి కొత్త అక్షరాలు అక్కర్లేదు. పాత అక్షరానికే పైన కుడివైపు రెండు చిన్న గీతలు పెడితే 20 రూపాలు వస్తాయి, చిన్న సున్న పెడితే మిగతా ఐదూ వస్తాయి. ఆ గీతల పేరు దకుతెన్, సున్న పేరు హన్‌దకుతెన్.

బడిలో సంధులు చదువుకున్నవాళ్లకి దకుతెన్ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అది పరుషాన్ని సరళం చేస్తుంది. క గ అవుతుంది, త ద అవుతుంది.

స వరుస జ వరుసగా మారుతుంది. ఇక్కడ తెలుగు నోటికి మంచి సౌకర్యం ఉంది. జడ, జున్ను, జొన్న అనేటప్పుడు నాలుక పళ్లకి తగులుతుంది, జిల్లా అనేటప్పుడు కాస్త వెనక్కి పోతుంది. జపనీస్‌లోనూ జ, జు, జొ పలకడానికి జడలోని జ, జి పలకడానికి జిల్లాలోని జ సరిపోతాయి. జె దగ్గర మాత్రం జాగ్రత్త. గాలిని కజె అంటారు. ఆ జె జెండాలోది కాదు, జడలోని జకి ఎత్వం ఇచ్చి పలకాలి.

హ వరుసకి గీతలు పెడితే బ వస్తుంది. హకీ బకీ సంబంధం ఏమిటని చాలామంది తికమకపడి బట్టీ పడతారు. బట్టీ పట్టాల్సిన పనే లేదు. ప్రాచీన జపనీస్‌లో ఆ వరుస ప. కాలక్రమంలో ప కాస్తా హ అయింది. మన పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి అని తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. శబ్దం మారినా పకి సరళమైన బ అలాగే నిలిచిపోయింది. జపనీస్ వరుసల క్రమం ఒకసారి చూడండి: క, స, త, న, హ, మ, య, ర, వ. స ఉన్నచోట చ, హ ఉన్నచోట ప పెట్టి చదివితే మన వర్ణమాల క్రమమే! బౌద్ధ భిక్షువులు సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృతం చదువుకున్న ప్రభావం అది. ఇప్పుడు ప శబ్దం కావాలంటే హ వరుసకి సున్న పెట్టాలి.

ఇక కలం తీయండి, గ రాద్దాం. ముందు క మూడు గీతలూ పూర్తి చేయాలి: అడ్డంగా వెళ్లి కిందికి వంగి కొక్కెంలా ఆగేది ఒకటి, దాన్ని కోస్తూ ఎడమకి వాలేది రెండోది, కుడివైపు పొట్టిది మూడోది. దకుతెన్ ఎప్పుడూ చివర్లోనే. పైనుంచి కిందికి, కొద్దిగా కుడికి వాలుతూ రెండు పొట్టి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. మొత్తం ఐదు గీతలు. క మూడో గీత ఎలాగూ ఆ మూలకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, అక్షరాన్ని గడిలో కాస్త ఎడమకి జరిపి మొదలుపెట్టండి. లేకపోతే అంతా ఇరుక్కుపోతుంది.

జి, జు శబ్దాలని రెండు రకాలుగా రాయొచ్చు. మామూలుగా స వరుసలోని షి, సు అక్షరాలకే గీతలు పెడతారు, కొన్ని మాటల్లో త వరుసలోని చి, త్సు అక్షరాలకి పెడతారు. నీళ్లు (మిజు) అలాగే రాయాలి. కానీ నెలవంకని మికజుకి అంటారు. అందులో చంద్రుడు (త్సుకి) ఉన్నాడు కాబట్టి అక్కడ త్సు అక్షరానికి గీతలు పెట్టాలి. రెండు మాటలు కలిసినప్పుడు రెండోదాని మొదటి శబ్దం ఇలా సరళమవడం జపనీస్‌లో తరచూ కనిపిస్తుంది. తె (చెయ్యి), కమి (కాగితం) కలిస్తే తెగమి, అంటే ఉత్తరం. పూచెను + కలువలు = పూచెఁగలువలు గుర్తొచ్చిందా? అయితే జపనీస్‌లో ఇది అన్ని మాటల్లోనూ జరగదు. ఎదురైనప్పుడల్లా రాసిపెట్టుకోవడమే మార్గం.

ఈ వారం అభ్యాసం: కకి (ఒక పండు), కగి (తాళంచెవి), తెన్కి (వాతావరణం), దెన్కి (కరెంటు), తమగొ (గుడ్డు), ఉసగి (కుందేలు), సంపొ (షికారు). వీటిని ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డ్ చేసి, మర్నాడు వింటూ రాయండి. సంపొలో మొదట స, తర్వాత న్, చివర హొకి సున్న.

ఆ తర్వాత తెలుగు అని రాయండి. జపనీస్‌లో ల లేదు కాబట్టి తె, రు, గు. అది కుదిరాక హైదరాబాద్ ప్రయత్నించండి. జపాన్‌వాళ్లు దాన్ని హ, ఇ, దె, ర, బా, దొ అని రాస్తారు. గీతలు మూడు చోట్ల పడాలి. బా దీర్ఘం సంగతి విదేశీ మాటలు రాసే కటకానా లిపి పాఠంలో చూద్దాం, ప్రస్తుతానికి బ అని రాస్తే చాలు.