‘ఏ గ్రేడ్’ అంటే ఎవరిచ్చిన గ్రేడ్? వానలకు ముందు పాత కంటైనర్ కొనేవాళ్లకు

మొన్న ఒక్క రాత్రి కురిసిన వానకి మా బావ గోడౌన్‌గా వాడుకుందామని కొన్న పాత ఓడ కంటైనర్‌లో పదిహేడు బస్తాల జీడిపిక్కలు తడిసిపోయాయి. బస్తా 80 కేజీలు, లెక్క మీరే వేసుకోండి. ఆ పెట్టె కొని పట్టుమని నెల కాలేదు. వైజాగ్ నుంచి ట్రైలర్ మీద పలాస తెప్పించి, హైడ్రా క్రేన్‌తో దింపించి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాడు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, ‘ఏ గ్రేడే ఇచ్చాం సార్, ఫొటోలు చూసే కదా డబ్బులు వేశారు’ అన్నాడట. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదే అసలు బాధ.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టినప్పుడు మా ఉద్దానంలో రేకుల షెడ్లు ఎలా ఎగిరిపోయాయో చూసినవాళ్లం కాబట్టి ఇనుప పెట్టె అనగానే మనసు లాగుతుంది. ఇప్పుడు ఇటు సోంపేట, ఇచ్ఛాపురం, అటు బరంపురం వైపు చుట్టాలు కూడా నన్ను ‘ఏ గ్రేడ్ తీసుకోవాలి’ అని అడుగుతున్నారు. అడగాల్సింది అది కాదు.

ఏ, బీ, సీ అనే గ్రేడ్లకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. పాత కంటైనర్లు అమ్మే ఒక యార్డులో ఏ అన్నది పక్క యార్డులో బీ కావచ్చు. కాస్త అర్థం ఉన్న మాటలు వేరే ఉన్నాయి. ‘వన్ ట్రిప్’ అంటే తయారైన చోటు నుంచి ఒక్కసారి సరుకుతో వచ్చింది, దాదాపు కొత్తదే. ‘కార్గో వర్దీ’ అంటే మళ్లీ సరుకు వేసి ఓడ ఎక్కించేంత గట్టిగా ఉందని కంటైనర్లు తనిఖీ చేసే సర్వేయర్ చూసి చెప్పింది. ‘విండ్ అండ్ వాటర్ టైట్’ అంటే గాలీ నీరూ లోపలికి రావని, అంతవరకే. కింది దూలాలు ఎలా ఉన్నాయో, పైన ఇంకో పెట్టె పెడితే మోస్తుందో ఆ మాట చెప్పదు. ‘యాజ్ ఈజ్’ అంటే ఎలా ఉంటే అలా, తర్వాత ఫోన్ చేయొద్దు అని. ఇందులో ఏ మాటైనా చూసిన రోజుకే సరి. ఆ తర్వాత యార్డులో క్రేన్ తగిలిందా, ఫోర్క్‌లిఫ్ట్ గుచ్చిందా అన్నది గ్రేడ్‌కి తెలియదు.

కాబట్టి మనుషుల్ని ముంచే తప్పు ఒక్కటే: గ్రేడ్ విని, ఫొటో చూసి, డబ్బు వేసేయడం. మా బావ పెట్టెకి వెనక మూల పైకప్పులో బియ్యపు గింజంత చిల్లు ఉంది. దాని చుట్టూ కొత్త నీలం పెయింటు. పెయింటు పొక్కులా లేచిన చోట నేను మేకు మొన పెడితే, నొక్కకుండానే దిగిపోయింది. అక్కడి నుంచి నీళ్లు గోడ మడతల వెంట జారి, నేల చెక్కలోకి ఇంకి, కింది వరస బస్తాలను పట్టేశాయి. ఫొటోలో మాత్రం పెట్టె పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

ఆ చిల్లు దొరకడానికి నయాపైసా ఖర్చు లేదు. మిట్టమధ్యాహ్నం యార్డుకి వెళ్లండి. ముందు రెండు తలుపులూ బార్లా తెరిపించి అరగంట గాలి ఆడనివ్వండి, ఎందుకంటే సరుకుకి పురుగు పట్టకుండా మిథైల్ బ్రోమైడ్ లాంటి విషవాయువులు పట్టిస్తారు, ఆ పెట్టె చరిత్ర మనకి తెలియదు. తర్వాత మీ మనిషిని బయట నిలబెట్టి, లోపలికెళ్లి తలుపులు మూయించుకోండి. లోపలి నుంచి తలుపు తెరుచుకోదు, అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. రెండు నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు పడనిచ్చి పైకప్పు, మూలలు, తలుపు రబ్బర్లు, నేల అంచులు చూడండి. గాలికోసం పెట్టిన చిన్న రంధ్రాలను వదిలేస్తే, ఎక్కడ చుక్క వెలుతురు కనిపించినా అక్కడ నీళ్లు వస్తాయి. మా బావ ఈ పని చేసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

పక్క గోడలూ పైకప్పూ సుమారు 2 మిల్లీమీటర్ల లోపు మందమే. తుప్పును తట్టుకునే కార్టెన్ స్టీలైనా సముద్రపు గాలికి ఏళ్ల తరబడి నిలబడితే తినేస్తుంది. నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానికి పురుగుమందు పట్టించి ఉంటుంది. జీడిపిక్కలైనా ధాన్యమైనా నేరుగా దాని మీద వేయకండి.

చిల్లు లేకపోయినా ఇంకో తడి ఉంది. పగలు ఎండకి లోపలి గాలి వేడెక్కి, రాత్రి రేకు చల్లబడగానే పైకప్పుకి చెమట పట్టి సరుకు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ‘వాటర్ టైట్’ అన్న మాట దీన్ని ఆపదు. పిక్కలు బాగా ఎండాకే లోపలికి పంపండి.

తలుపు మీదున్న సీఎస్‌సీ ప్లేటులో (కంటైనర్ల భద్రతకున్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం బిగించే రేకు) తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మొదటి తనిఖీ ఐదేళ్లలోపు, తర్వాత ప్రతి 30 నెలలకూ ఒకటి. ఓడ ఎక్కించే పని ఉంటే ఆ తనిఖీ తేదీ చూడండి. గోడౌన్‌కే అయితే దాని కోసం కార్గో వర్దీ ధర ఇవ్వడం దండగ, నీరు రాకపోతే చాలు.

ఇక మిగతావి, వరసేం లేదు.

కొత్త పెయింటు కనిపిస్తే అనుమానించండి.
చిన్న సుత్తితో తట్టండి. బాగున్న రేకు ఖంగుమంటుంది, తినేసినది డొల్లగా పలుకుతుంది.
పైకప్పు మీద గుంట ఉంటే నీళ్లు నిలుస్తాయి, వద్దు. దాని మీద ఎక్కి నడవకండి, నిచ్చెన వేసుకుని చూడండి.
కింద దూరి అడ్డదూలాలు చూడండి. చొక్కా పాడవుతుందని మానేస్తే మీ ఇష్టం.
తలుపు మధ్య కాగితం పెట్టి మూయండి. సులువుగా లాగేయగలిగితే రబ్బరు పోయింది.
లోపల మందు వాసన వస్తే ఎంత చవకైనా వదిలేయండి.
నాలుగు అక్షరాలు, ఏడు అంకెల నంబరు బిల్లులో రాయించండి. ట్రైలర్ ఎక్కేటప్పుడు మళ్లీ సరిచూడండి, పెట్టెలు మారిపోతాయి.
గ్రేడ్ చెబుతున్నాడా? నీరు కారితే వెనక్కి తీసుకుంటానని రాసిమ్మనండి. మాట తడబడితే బయటికి వచ్చేయండి.
అడ్వాన్సు కూడా చూశాకే. ‘ఇంకొకరు అడుగుతున్నారు సార్’ అంటే అడగనివ్వండి.
దింపాక నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మలు పెట్టండి, మట్టి మీద పెట్టొద్దు.
తుఫాను కబురు వస్తే ఖాళీ పెట్టెను అలా వదలకండి. ఇరవై అడుగులది ఖాళీగా రెండుంబావు టన్నులే, మూలల్లోని రంధ్రాల నుంచి గొలుసులు వేసి దిమ్మలకు కట్టేయండి.
సరుకు పెట్టే ముందు పైకప్పు మీద, తలుపుల మీద పైపుతో గంటసేపు నీళ్లు కొట్టించి, ఇంకోసారి లోపలికెళ్లి తలుపులు మూయించుకోండి, ఈసారి కూడా బయట మనిషి ఉండాలి.