పంటి వేరు విరిగిందా, వెంటనే పీకించేయకండి

మా శ్రీకాకుళం వైపు కబడ్డీలోనో బండి మీంచి పడో ముందు పన్ను కదిలితే చాలు పీకించేద్దాం అనేస్తారు, దయచేసి ఆగండి, చిగురు లోపల వేరు అడ్డంగా విరిగినా చాలా పళ్లు నిలబడతాయి (పాలపళ్ల లెక్క వేరు).

పన్నుని ఊపి చూడొద్దు, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ ఒత్తిపట్టి అదే రోజు డెంటిస్ట్ దగ్గరకెళ్లండి. ఎక్స్‌రే ఒక్క కోణంలో తీస్తే విరిగిన గీత కనపడకపోవచ్చు, రెండు మూడు కోణాల్లో తీస్తారా అని అడగండి. జరిగిన ముక్కని సరిగ్గా కూర్చోబెట్టి పక్క పళ్లకి కలిపి సన్నటి వైరు, పంటి రంగు ఫిల్లింగ్ పదార్థమైన కాంపోజిట్‌తో అతికిస్తారు, అది 4 వారాలుండాలి, చిగురు అంచు దగ్గర విరిగితే 4 నెలల దాకా కూడా. నొప్పి తగ్గిందని మధ్యలో తీయించేస్తే కష్టమంతా వృథా.

మొదటి రోజే రూట్ కెనాల్ అక్కర్లేదు, నరం కోలుకునే ఛాన్స్ ఉంటది. తర్వాత నరం చచ్చిపోయిందని తేలితే విరిగిన గీత వరకే చేస్తారు, వేరు కొసని మామూలుగా ముట్టుకోరు.

వారం పాటు చోడి (రాగి) అంబలి, మెత్తటన్నం, మెత్తటి బ్రష్, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్. చెకప్‌లు మాత్రం మానొద్దు, మొదటి ఏడాది డాక్టర్ చెప్పినప్పుడల్లా, ఆ తర్వాత 5 ఏళ్ల వరకు ఏడాదికోసారి.