తిండి మానేసిన బిడ్డకు ఏ థెరపీ: ఇంటిల్లిపాదితోనా, బిడ్డ ఒక్కదానితోనా?

పద్నాలుగేళ్ల బిడ్డ వారంలో నాలుగు రోజులు ఒక్కపొద్దు అంటుంది. బొక్కలు తేలినా లావుగానే ఉన్నానంటుంది. దిష్టి తీసి ఊరుకోకండి, ఇది అనొరెక్సియా నెర్వోసా కావచ్చు. అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు.

థెరపీ కన్నా ముందు ఒళ్లు చూపించాలి. నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా మెడికల్ కాలేజీ దవాఖానాలో పిల్లల డాక్టర్‌కు చూపించి నాడి, బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షలు అడగండి. పగటిపూట నాడి 50 లోపు ఉన్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా ముందు అడ్మిషన్, తర్వాతే థెరపీ. చాలా రోజులు కడుపు మాడ్చుకున్న పిల్లకు ఒక్కసారిగా బాగా పెడితే ఫాస్ఫేట్ పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఎక్కడికి పోవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఇంటిల్లిపాదితో చేసే ఫ్యామిలీ థెరపీ 1980లలో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. ఏడాదిలో సుమారు 20 సిట్టింగులు. మొదట తిండి పెత్తనమంతా తల్లిదండ్రులదే; బరువు పెరిగే కొద్దీ బిడ్డకు అప్పగిస్తారు; చదువు, స్నేహాల సంగతులు చివర్లో. రెండో సిట్టింగ్‌కు గిన్నెలో అన్నం కట్టుకుని పోవాలి, అందరూ థెరపిస్టు ముందే తింటారు.

ఇంట్లో మూడు పూటల భోజనం, రెండు మూడుసార్లు చిరుతిండి. వడ్డించేది మీరే: పప్పులో నెయ్యి, జొన్నరొట్టె పక్కన పల్లీల పొడి, గడ్డపెరుగు. తినేదాకా పక్కనే కూర్చోండి, తిన్నాక గంటసేపు బాత్రూంకు ఒంటరిగా పంపకండి. కేలరీల మీద వాదనకు దిగితే గెలవలేరు. బరువు వారానికోసారి, అదే కాటా మీద. ముందు చెంబెడు నీళ్లు తాగిందేమో, జేబులో ఏమైనా పెట్టుకుందేమో చూడాలి.

వ్యక్తిగత థెరపీలో బిడ్డ ఒక్కతే కూర్చుంటుంది. తిండి బాధ్యత తనదే. మనసులోని భయాలను గుర్తించి తట్టుకోవడం నేర్పుతారు. తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతారు. అమెరికాలో 12–18 ఏళ్ల 121 మందితో ఈ రెండింటినీ పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించారు. చికిత్స ముగిసేనాటికి పూర్తిగా కోలుకున్నవారు ఫ్యామిలీ థెరపీలో 42, వ్యక్తిగత థెరపీలో 23 శాతం. ఆ తేడా కాకతాళీయమూ కావచ్చు, గట్టిగా నమ్మలేం. ఇంకో ఏడాదికి 49, 23 శాతం; ఇది నిలబడే తేడా. ఫ్యామిలీ థెరపీతోనూ సగం మంది పూర్తిగా కోలుకోలేదని మరవకండి.

అందుకే మా సలహా: పూటపూటకీ పక్కన కూర్చునే పెద్దమనిషి ఉంటే ఫ్యామిలీ థెరపీతోనే మొదలుపెట్టండి. అమ్మానాన్న వలసపోతే నానమ్మయినా సరే, ఆమెనూ సిట్టింగులకు తీసుకుపోవాలి. ఇంట్లో కొట్టడం, హింస ఉంటే మాత్రం వ్యక్తిగత థెరపీయే. మాటమాటకీ దెప్పే తల్లిదండ్రులైతే బిడ్డను, వాళ్లను వేర్వేరుగా కూర్చోబెట్టే పద్ధతి అడగండి.

ఎక్కువగా చెడేది ఇంట్లోనే. అమ్మ గట్టిగా నిలబడితే నాయిన "పోనీలే" అంటాడు, బిడ్డ ఆ సందులోంచే జారుకుంటుంది. నెలసరి మళ్లీ రాగానే నయమైందని సిట్టింగులు మానేసి హాస్టల్‌కు పంపడం ఇంకో పొరపాటు. ఫ్యామిలీ థెరపీలో నాలుగో సిట్టింగ్ నాటికి సుమారు 2.3 కిలోలు పెరగకపోతే ఇంకో నెల చూద్దామనుకోకండి. ఆ రోజే థెరపిస్టును అడిగి పద్ధతి మార్పించండి.