ఖర్చు లేని కసరత్తు – మూడో పాఠం: కుర్చీ, గోడ, మెట్లు

మొదటి పాఠంలో బరువు, నడుము కొలత రాసుకున్నారు. రెండో పాఠంలో నడక మొదలుపెట్టి, నడుస్తూనే పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతో రోజుకు అరగంట దాకా వచ్చారు. ఇంకా ఇరవై నిమిషాల దగ్గరే ఉన్నవాళ్ళు తొందరపడి ఇందులోకి దూకనక్కర్లేదు. మరో వారం నడక మీదే ఉండండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇప్పుడు కండకు పని చెప్పాలి. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మాట చాలామందికి తెలుసు. దానితోపాటే, వారంలో కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలని కూడా చెప్పింది. నడిచేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో మాటను పట్టించుకోరు.

తిండి తగ్గించి బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది. కండకు పని చెబుతూ ఉంటే ఆ నష్టం తక్కువగా ఉంటుంది. పని చెప్పకుండా గబగబా తగ్గినవాళ్ళకు తూకంలో పది కిలోలు పోయి ఉంటాయి గానీ, బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులా కమ్మీ పట్టుకోవాల్సి వస్తుంది. వారానికి అర కిలో తగ్గితే చాలు, కిలో దాటనివ్వద్దు అన్నది అందుకే. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది.

కావలసిన సామాను: చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, ఖాళీ గోడ, మెట్లు, గట్టి పిడులున్న చేసంచి. ప్లాస్టిక్ కుర్చీ అయితే కాళ్ళు పక్కలకు జారి ఒక్కసారిగా కూలబడవచ్చు, కాబట్టి చెక్కదో ఇనుపదో వెతకండి. ఏదైనా సరే, వీపు భాగం గోడకు ఆనించి పెట్టండి. గచ్చు తడిగా ఉండకూడదు. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చెళ్ళు మడమల కిందికి రాకుండా కాస్త పైకి దోపుకోండి. లేచేటప్పుడు కాలి కింద చీర ఇరుక్కుంటే ముందుకు పడతారు.

కుర్చీ బస్కీ

ముందు ఒక పరీక్ష. కుర్చీ ఎత్తు నేల నుంచి సుమారు 43 సెంటీమీటర్లు ఉండాలి. మామూలు భోజనాల బల్ల కుర్చీ ఇంచుమించు అంతే ఉంటుంది. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఎవరినైనా లెక్కపెట్టమనండి. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కన్నా తక్కువ, ఆడవాళ్ళు 12 కన్నా తక్కువ చేస్తే వాళ్ళ వయసుకు కాళ్ళలో బలం తక్కువగా ఉన్నట్టు లెక్క. నలభైల్లో ఉండి ఆ అంకె దాటలేకపోతే ఈ పాఠం మీ కోసమే. వచ్చిన అంకెను నోటుపుస్తకంలో తేదీతో సహా రాయండి.

ఇక నేర్చుకోవలసిన పద్ధతి. కుర్చీకి ముందు, పిక్కలు అంచుకు తగిలీ తగలనట్టుగా నిలబడండి. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి, వేళ్ళు కాస్త బయటికి తిరిగి ఉండాలి. చేతులు ముందుకు చాచండి. ఇప్పుడు మోకాళ్ళు వంచడం గురించి ఆలోచించకుండా పిరుదులను వెనక్కి నెట్టండి. చేతి నిండా సామాన్లతో వచ్చి, వెనక తలుపును పిరుదులతో తోసి మూస్తాం చూడండి, అచ్చం అదే కదలిక. మోకాళ్ళు వాటంతట అవే వంగుతాయి. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుంటూ దిగండి. కుర్చీ తగిలీ తగలగానే, బరువు దాని మీద వదలకుండా, మడమలతో నేలను తొక్కుతూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి.

చూడటానికి ఇంత సులువైన పనిలో కూడా తప్పులు దొర్లుతాయి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది మోకాళ్ళు లోపలికి, ఒకదాని వైపు ఒకటి వాలడం. బరువు ఎక్కువగా ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా అలసిపోయాక, ఇది తెలియకుండానే జరుగుతుంది. అద్దం ముందు చేస్తే పట్టేయవచ్చు. మోకాలిచిప్ప ఎప్పుడూ రెండో కాలివేలి వైపే చూస్తూ ఉండాలి. రెండో తప్పు, చివరి జానెడు దూరం ధడాలున కూలబడటం. నిజానికి కండకు సగం పని ఆ చివరి జానెడులోనే ఉంది. అక్కడ వదిలేస్తే సగం కూలి ఎగ్గొట్టినట్టే. మూడోది ఊపిరి బిగబట్టడం. రక్తపోటు ఉన్నవాళ్ళకు ఇది మంచిది కాదు. గట్టిగా అంకెలు పైకి చదువుతూ చేస్తే ఊపిరి బిగబట్టడం సాధ్యమే కాదు.

చేతుల సాయం లేకుండా అసలు లేవలేకపోతే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకోండి. వారం తర్వాత పలచటి దిండు, ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి, చివరికి ఒట్టి కుర్చీ. అది సులువైపోతే కుర్చీకి బదులు ఎత్తు తక్కువ స్టూలు. మన ఇళ్ళలో పీట మీద కూర్చుని భోంచేసి, చేయి ఆనించకుండా లేచిన రోజుల్లో ఈ వ్యాయామం రోజుకు మూడు పూటలా జరిగేది. ఆ పీట దాకా మళ్ళీ వెళ్ళడమే చాలామందికి ఏడాది పని.

తాలింఖానాల్లో పహిల్వాన్లు వందల్లో తీసిన బస్కీల కథలు, కోడి రామమూర్తి ఘనకార్యాలు విని పెరిగినవాళ్ళు మొదటిరోజే యాభై తీయాలని చూస్తారు. వాళ్ళు చిన్నతనం నుంచి మట్టిలో సాధన చేసినవాళ్ళు. మీరు పదిహేనేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు. ఎనిమిది చాలు.

గోడ దండం

గోడకు చేయి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో ఆనించండి. తల నుంచి మడమ దాకా ఒంటిని కర్రలా ఉంచి, మోచేతులు వంచి గోడ దగ్గరికి వెళ్ళి, తిరిగి నెట్టుకుంటూ రండి. నడుము ముందుకు వేలాడకూడదు. మోచేతులు రెండు వైపులా రెక్కల్లా విప్పుకోకుండా కాస్త కిందికి, ఒంటికి దగ్గరగా ఉంచండి. లేకపోతే భుజాలు పట్టేస్తాయి. పన్నెండు సునాయాసంగా చేయగలిగితే గోడ నుంచి వంటగట్టుకు, వంటగట్టు నుంచి మంచం పట్టెకు, అక్కడి నుంచి నేలకు దిగాలి. ఎత్తు తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది. డంబెల్స్ కొనకుండానే నాలుగు రకాల బరువులు ఇంట్లోనే ఉన్నాయన్నమాట.

చేసంచి

నెట్టడం అయింది, ఇక లాగడం. చేసంచిలో రెండు లీటరు నీళ్ళ సీసాలు పెట్టండి, రెండు కిలోలు. ఎడమ చేయి బల్ల మీద ఆనించి, నడుము వంగకుండా తుంటి దగ్గర వంగి, కుడి చేత్తో సంచిని పక్కటెముకల దాకా లాగి మెల్లగా దించండి. తర్వాత చేయి మార్చండి. కొన్ని వారాలకు నీళ్ళ సీసాల స్థానంలో ఐదు కిలోల బియ్యం వస్తుంది.

మెట్లు

చురుగ్గా మెట్లెక్కితే నడకకు రెట్టింపుకు పైగా శ్రమ. పాదం మొత్తం మెట్టు మీద పడాలి, చేయి కమ్మీకి దగ్గరగా ఉండాలి. అయితే మోకాళ్ళకు ఎక్కువ ఇబ్బంది దిగేటప్పుడే. అపార్ట్‌మెంట్లలో అందరూ లిఫ్టులో ఎక్కి మెట్ల మీదుగా దిగి, వ్యాయామం చేశామనుకుంటారు. మీరు తిరగేయండి: మెట్లెక్కండి, లిఫ్టులో దిగండి. లిఫ్టు లేకపోతే కమ్మీ పట్టుకుని నిదానంగా దిగండి. మోకాళ్ళ అరుగుదల ఉందని డాక్టరు చెప్పినవాళ్ళు ప్రస్తుతానికి మెట్లు మానేసి కుర్చీ బస్కీలే చేయండి, అదీ దిండు వేసుకుని. వాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకుంటే చాలు: ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

బడిలో పంతులుగారు వేయించిన గోడ కుర్చీ గుర్తుందా? కుర్చీ లేకుండా గోడకు వీపు ఆనించి కూర్చోవడం. అదే శిక్షను జిమ్ముల్లో నెలకింత అని తీసుకుని వేయిస్తున్నారు. రక్తపోటు అదుపులో ఉన్నవాళ్ళు సరదా పుడితే చివర్లో ఇరవై సెకన్లు వేయండి. తప్పనిసరి కాదు.

ఎంత, ఎప్పుడు

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. సోమ, గురు అనుకోండి. మిగతా రోజులు మామూలు నడకే. ముందు ఐదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడిచి ఒళ్ళు వేడెక్కించండి. మొదటి వారం ఒక్కో వ్యాయామం ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మరో ఎనిమిది. రెండో వారం పదేసి. మూడో వారం ఎనిమిదేసి మూడు విడతలు, నాలుగో వారం పదేసి మూడు విడతలు. విడత ముగిసేసరికి ఇంకో రెండు మూడు చేయగలను అనిపించాలి. ప్రాణం కడగట్టేదాకా చేయడం ఈ పాఠాల్లో లేదు. మరో నియమం: ఒకే వారంలో రెండింటిని పెంచవద్దు. బస్కీలు పెంచిన వారం నడక పెంచకండి.

మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి, మెట్టు దిగుతుంటే మూలుగు వస్తుంది. అది మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల పొడిచినట్టు ఉండటం, వాపు రావడం వేరే సంగతి. అప్పుడు ఆపేయాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, గ్యాస్ అనుకుని సోడా తాగడం కాదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే మధుమేహులు పరగడుపున చేయకండి, జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి, చెప్పులు లేకుండా ఒక్క అడుగూ వేయకండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తపోటు అదుపులో లేనివాళ్ళు, గర్భిణులు డాక్టరుకు ఈ పాఠం చూపించి అడిగాకే మొదలుపెట్టాలి.

ఒక చిన్న లెక్క

ఈ వ్యాయామాలతో తొడల కొవ్వు తొడల్లోనే, పొట్ట కొవ్వు పొట్టలోనే కరుగుతుందని ఆశపడకండి. కొవ్వు ఎక్కడి నుంచి పోవాలో ఒళ్ళే నిర్ణయించుకుంటుంది. నడుముకు కట్టుకునే చెమట బెల్టులకు డబ్బు తగలేయవద్దు. వాటితో పోయేది నీరు, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగగానే తిరిగి వచ్చేస్తుంది.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. వారానికి అర కిలో తగ్గాలంటే రోజుకు 550 లోటు ఉండాలి. 70 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120. ఆ 550 మొత్తం నడకతోనే తేవాలంటే రోజూ రెండు గంటలకు పైగా నడవాలి. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకు అది కుదిరే పని కాదు. అదే, పెద్ద చెంచాడు నూనె, అంటే 15 మిల్లీలీటర్లు తగ్గిస్తే ఇంచుమించు మరో 120. రెండు చెంచాల పంచదారతో రోజుకు రెండు టీలు తాగేవాళ్ళు పంచదార మానేస్తే 80. ఒక కప్పు అన్నం తగ్గితే 190 పైన. మొత్తం 510 దాటింది. అన్నం తగ్గిన చోట గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో వస్తే లోటు కాస్త తగ్గుతుంది, పరవాలేదు. కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి.

కొత్తగా బలం వ్యాయామం మొదలుపెట్టిన రెండు మూడు వారాలు తూకం కదలకపోవచ్చు, అర కిలో పెరిగినా పెరగవచ్చు. అలవాటు లేని పని చేసిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. ముందురోజు ఆవకాయ గట్టిగా తిన్నా అంతే. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు చూసుకోండి. నడుము కొలత రెండు వారాలకొకసారి. మన దేశంలో మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అని డాక్టర్లు లెక్కగడతారు. టేపు దొరకనప్పుడు మొలతాడు కూడా అబద్ధం చెప్పదు: ముడి మార్చకుండా వదులవుతోందంటే తూకం ఏమన్నా మీరు దారిలోనే ఉన్నారు.

ఇంటిపని

నాలుగు వారాలు ఇదే. చివరి ఆదివారం మళ్ళీ 30 సెకన్ల కుర్చీ పరీక్ష చేసి, పాత అంకె పక్కన కొత్తది రాయండి. ఈలోగా ఇంకో పని: ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్ల నూనె వస్తోందో, ఎంతమంది తింటున్నారో రాసి పెట్టండి. పచ్చళ్ళలో పోసినదీ, పిండివంటలకు వాడినదీ వదలకండి. నాలుగో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.